పసుపు పూసిన పటం

పంచాయతీ గోడకు అతికించిన పటంల
మొన్నటిదాక మా మొగిలిగూడెం ఆకుపచ్చగ ఉండె.
ఇప్పుడు నర్సంపేట రోడ్డు కాడికెళ్లి వాగు దాక
ఒక్కటే పసుపు.

కింద సన్నటి అక్షరాలు:
పసుపు రంగు అంటే నివాస మండలం.
అభ్యంతరాలుంటే ముప్పై దినాలల్ల
మూడు ప్రతులల్ల ఇవ్వవలెను.

నాది జిరాక్సు దుకాణం.
ఊర్ల ఎవలి కష్టమైనా నాకాడికి
పేజీకి రెండు రూపాయల లెక్కన వస్తది.
పింఛను కాయితాలు, కులం సర్టిఫికెట్లు,
ఒకసారి ఎవలిదో విడాకుల నోటీసు.
ఈ నెల అందరిదీ ఒకటే దరఖాస్తు.
పటం గూడ తీసియ్యమంటరు.
నా మిషన్ల ఆకుపచ్చా బూడిదే, పసుపూ బూడిదే.

చింతం ఓదెలును సర్వే నంబరు అడిగిన.
"ఉప్పరోళ్ల బాయికి పడమర,
ఎర్రమన్ను ఒడిసి చౌడు మొదలయ్యే కాడ,
మా నాయిన పాము కరిచి పడ్డ గెట్టు" అన్నడు.
కాయితం మీద గడి బొటనవేలంత.
నేను మూడువందల పద్దెనిమిది బై ఆ అని రాసిన.
ఆయన సంతకం పెట్టి
రాసింది తనదేనా అని రెండుసార్లు చదివించుకున్నడు.

సారక్క కొప్పెర దించి అట్లనే వచ్చింది,
ఒంటి మీద ఉడికిన పసుపుకొమ్ముల ఆవిరి,
గోర్లల్ల తొమ్మిది నెలల పంట.
పటం ముందట చానసేపు నిలబడ్డది.
"పసుపు పండే భూమికి మల్ల పసుపెందుకు పూసిండ్రు?"
నేను మండలాల సంగతి చెప్పబోయిన.
"నాకెరుకనే తియ్యి" అన్నది.
"యాటకు గూడ ముందుగాల పసుపే పూస్తం.
మీద చల్లనీళ్లు పోస్తం.
సలికి దాని ఒళ్లు జలదరిస్తే
ఒప్పుకున్నదంటం."

ఆ రాత్రి లైటు బంద్ చేసి కూసున్న.
నా దుకాణం ప్లాటు నంబరు ఇరవై ఏడు.
పదకొండేండ్ల కింద కొన్నప్పుడు
హద్దురాళ్లకు సున్నం ఇంకా ఆరలేదు,
రాళ్ల నడుమ జొన్న కొయ్యకాళ్లు.
ఎవలి చేను అని నేను అడగలే.
రిజిస్ట్రేషను కాయితాలు మాత్రం
మూడు ప్రతులు తీసుకున్న.

విచారణ ఫంక్షన్ హాల్ల పెట్టిండ్రు.
పెండ్లి కుర్చీలు, గులాబి రిబ్బన్లు ఇప్పలేదు.
ఒక్కొక్కలకు రెండు నిమిషాలు.
ఓదెలుకు బాయి కాడికి పోయేసరికే గంట కొట్టిండ్రు.
నలుగురు అమ్ముకున్నోళ్లు వెనుక వరుసల
మాట్లాడకుంట ఫోన్లు చూసుకుంటున్నరు.

హన్మకొండకెళ్లి ఒకామె వచ్చింది,
దవాఖాన నర్సు, నుస్రత్ అని చెప్పుకున్నది.
"పదహారేండ్ల సంది కిరాయి కొంపలల్లనే ఉన్న.
నూటయాభై గజాలు దొరుకుతదేమో అని చూస్తున్న.
నేను గూడ ఎక్కడనో ఒకదగ్గర ఉండాలె గద!"
ఎవలూ అరువలే. ఎవలూ జవాబియ్యలే.
మా ఓదెలు లేసి ఆమెకు కుర్చీ ఇచ్చిండు.

అప్పుడే పిలగాండ్లు వరుసలెంబడి
ఐసు డబ్బాల్లకెళ్లి తీసి
అందరికీ చల్లటి నీళ్ల బాటిళ్లు పంచిండ్రు.
సారక్క నా దిక్కు చూసింది.
నేను మూత తిప్పబోయి ఆగిన.

ఆమె వంతు నలభై ఒకటి.
మైకు అందుకోలేదు.
మూత తియ్యని బాటిల్‌ను
టేబుల్ మీద పరిచిన పటం మీద పెట్టింది,
సరిగ్గ తన చేను కాడ.
పెద్దసారు ఏమన్నా చెప్పమ్మా అన్నడు.
టైము నడుస్తున్నదమ్మా అన్నడు.
ఆమె బాటిల్ లేపింది.
అడుగున తడి వలయం,
దాంట్ల రంగు కరిగి కాయితం తెల్లగ తేలింది.
వేలితోని అద్దుకొని
ముక్కు కాడ పెట్టుకున్నది.

"ఇది పసుపు కాదు" అన్నది.

రాసుకునే పిలగాడు తల ఎత్తిండు,
ఏ గడిల రాయాల్నో తెల్వక
సారు మొకం చూసిండు.
మైకు పిలిచింది: నలభై రెండు.