యాభై ఐదు

చీకట్లోనే బయల్దేరతాను. ఔలులో జనవరి పొద్దు
పది దాటితే గాని కళ్ళు తెరవదు.
కబేళా వెనక తలుపు దగ్గర రేయో బకెట్టు అందిస్తాడు.
మంచుముక్కల మధ్య నాలుగు పంది గుండెలు
ఇంకా పొగలు కక్కుతూ.
"ఇన్ని గుండెలేం చేసుకుంటావు కెర్తూ?"
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే ప్రశ్న.
"రుబ్బుతాను" అని అదే జవాబు.

అబద్ధం కాదు. నాలుగు డిగ్రీల చలిగదిలో
ఉన్ని టోపీ పెట్టుకుని రుబ్బుతాను, వడగడతాను,
చక్కెర నీళ్ళ మీద పోసి రాత్రంతా గిరగిరా తిప్పుతాను.
తెల్లారేసరికి పెన్ను కాగితం మీద గుట్టలు గీస్తుంది:
ఇరవై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది,
రెండూ కౌగిలించుకున్న చోట యాభై ఐదు.
ఈ కూడిక ఏ బళ్ళోనూ చెప్పరు.

ఆ గుట్టలో ఎనభై చిల్లర ప్రోటీన్లు.
ఒక్కటీ అక్కడ పుట్టింది కాదు.
బయట తయారై, మెడలో చిరునామా చీటీతో వచ్చి,
గుమ్మం దాటగానే చీటీ కోయించుకుని
పనిలోకి దిగినవాళ్ళే అందరూ.
పాత ఆర్‌ఎన్‌ఏ దూలాలు ఏనాడో అరిగిపోతే
భుజాలు పెంచుకుని చుట్టూ కాపు కాశారు.
ఒక స్తంభం పోయిన చోట
దారిన పోయే మోతగాణ్ణి నిలబెట్టేశారు.
మూట దించి వాడింకా అక్కడే ఉన్నాడు.
ఇంత హంగామా దేనికయ్యా అంటే
పదమూడంటే పదమూడు సరుకుల కోసం.
అవి లేకపోతే గుండె కొట్టుకోదు, అంతే.

నవంబరులో ఆసుపత్రి నుంచి సీసా వచ్చింది.
మినపగింజంత తొడ చర్మం.
పేరు లేదు. ఆడ, పదకొండు వారాలు.
పెంచాను. సరిపడా పెరిగాక
పంది గుండె పక్కనే పెట్టి తిప్పాను.

పంది గుండెకి మూడు గుట్టలు.
పాపకి
ముప్ఫై తొమ్మిది ఒక్కటే, జత కోసం చూస్తూ.
మిగతా అంతా పెన్ను నేలబారుగా పాకింది.
సిరా అయిపోయిందేమోనని విదిలించి చూశాను.

ఎనభై చిల్లరలో ఒక్కడు,
ఒక్క అక్షరం తేడాతో వంకరగా పుట్టాడు.
వాడు అందుకోవాల్సిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.
వాడి వెనక రావలసినవాళ్ళు ఎవరూ కుదురుకోలేదు.

డాక్టరు లీమతైనెన్ ఫోన్ చేసింది:
"ఇక తొందరేం లేదు."
ఎందుకని నేనడగలేదు.

ముప్ఫై ఏడు డిగ్రీల పెట్టెలో
పాప కణాలు సీసా అడుగున ఇంకా పెరుగుతున్నాయి.
తియ్యటి నీళ్ళుంటే చాలు వాటికి.
గురువారం ఆ గులాబి నీళ్ళు మార్చాను.
ఎవరూ మార్చమనలేదు.

ఈ ఉదయం బకెట్టు అందిస్తూ రేయో మళ్ళీ అడిగాడు.
నోరు తెరిస్తే
మాటకన్నా ముందు ఆవిరి వచ్చింది.
"పోలికకి" అన్నాను.
అతను కాసేపు నిలబడి, చేతి తొడుగు సర్దుకుని,
లోపలికెళ్ళి
ఇంకో గుండె తెచ్చి వేశాడు.