ఎర్ర సిరా అక్కర్లేని నెల

జెరూసలేములో మా ప్రెస్సు నేలమాళిగలో ఉంటుంది.
గోడ కేలండర్లు వేస్తాం.
పండగకు ఎరుపు, పనిరోజుకు నలుపు.
తిష్రీ నెల అచ్చుకెక్కితే
మోచేతుల దాకా పారాణి నాకు.
ఆ వెనక వచ్చేది మర్‌హెష్వాన్.
ఎర్ర సిరా డబ్బాకి మూత బిగించేస్తాను.

ఒక్క పండగ లేదు.
పేజీ అడుగున ప్రకటనకి ఒప్పుకునేవాడు ఒకే ఒక్కడు:
కారే కప్పులు బాగుచేసే బెఖోర్.
సగం ధర, అదీ అరువు.
"మర్ అంటే చేదురా" అంటాడు యజమాని నిస్సీమ్,
"పండగ లేని నోటికి తీపెక్కడిది?"
ఇళ్లల్లో మాత్రం ఆ ఖాళీ గళ్ల నిండా
పాల లెక్కలు, కిరోసిన్ లెక్కలు,
ఎవరిదో బిడ్డకి మొదటి పన్ను వచ్చిన తేదీ.

సొలొమోను మందిరం పని పూర్తయింది ఈ నెలలోనేనట.
అప్పట్లో దీని పేరు బూల్.
గృహప్రవేశం మాత్రం పదకొండు నెలలు ఆపి
తిష్రీలో చేశారు.
రాళ్లు మోసిందొకరు, పీటల మీద కూర్చుందొకరు.
దేవుడు ఈ నెలకి బాకీ పడ్డాడనీ
ఎప్పటికైనా తీరుస్తాడనీ పెద్దల మాట.
నిస్సీమ్ నాకివ్వాల్సిన రెండు నెలల జీతం
గుర్తొస్తుంది ఇక్కడికి రాగానే.

ఓ పంతులుగారి చిన్న పుస్తకం అచ్చుకొచ్చినప్పుడు చదివాను:
ప్రళయాన్ని మబ్బూల్ అంటారు,
ఈ నెల పదిహేడునే మొదలైందట ఆ వాన.
మబ్బూల్‌లోంచి మేమ్ అక్షరం తీసేస్తే బూల్.
మేమ్ విలువ నలభై.
నలభై పగళ్లు, నలభై రాత్రులు ఊడిపోగా
మిగిలింది మామూలు వాన,
మన చూరు కింద గిన్నె పెట్టుకునే వాన.

మరి ఊడిన మేమ్ ఏమైంది?
బాబిలోనుకు చెరపోయినవాళ్లు
అక్కడి నెలల పేర్లు మూటగట్టుకొచ్చారు.
వరహ్ సమ్ను. ఎనిమిదో నెల.
చేదూ కాదు, తీపీ కాదు, వట్టి అంకె.
నోరు నోరూ మారే దారిలో
వకారం మకారమైంది, మకారం వకారమైంది.
ఆనక ఎవరో మాటను తప్పు చోట విరిచారు,
మర్ విడిగా పడింది.
నలభై ఏళ్లుగా అక్షరాలు పేర్చే చెయ్యి నాది,
చూడగానే పోల్చుకున్నాను.
ఇన్ని తరాలు చేదనుకుని చప్పరించింది
ఒక అచ్చుతప్పుని.

ఖాతూన్ ఏటా ఆ ఒక్క కాగితం కోసమే వస్తుంది.
పక్క వీధిలో మెట్లు కడుగుతుంది, చదవడం రాదు.
"ఏడో తేదీ ఏది?" అంటుంది.
వేలు పట్టుకుని గడి మీద పెడతాను.
చీమ తలకాయంత అక్షరాల్లో రెండు మాటలు అక్కడ:
మంచు, వాన.
ఆ రాత్రి నుంచే ప్రార్థనలో వాన అడగాలి.
అంతకు ముందు అడగకూడదు.
పండక్కి వచ్చిన యాత్రికుల్లో
అందరికంటే వెనకబడ్డవాడు
పదిహేను రోజులు నడిచి యూఫ్రటీసు చేరాలి,
వాడు దారిలో తడవకూడదు.
ఇక్కడ నేల నెర్రెలు విచ్చినా సరే,
నీటి తొట్టి అడుగున బురద తేలినా సరే,
ఒక దేశం దేశమంతా నోరు కట్టేసుకుని కూచుంటుంది
పేరు కూడా తెలియని ఒక కుంటి నడక కోసం.

ఖాతూన్ తండ్రి జాఖోలో తెప్ప నడిపేవాడు.
ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం
తాడు విప్పకుండా నిలబడేవాడు, తిట్లు తింటూ.
ఒక ఏడు ఆయనే వెనకబడ్డాడు.
అవతలి ఒడ్డున ఎవరూ ఆగలేదు.
ఆమె ఇంతవరకే చెబుతుంది.
తర్వాత, "మర్ అంటే చుక్క కూడా" అంటుంది,
"చేద అంచున వేలాడే చుక్క. నాన్న చెప్పాడు."

ఈసారి ఆ కాగితం మూల నా బొటనవేలి మరక,
తిష్రీ ఎరుపు.
నిస్సీమ్ చెత్తలో పడేయమన్నాడు.
ఖాతూన్ దాన్నే కావాలంది.
మడిచి శాలువా కింద పెట్టుకుంది.

మా మెట్లు పద్దెనిమిది, నిటారు.
ఆమె మోకాళ్లు ఒక్కో మెట్టునీ బతిమాలుకుంటాయి.
నేను మెషీను ఆపాను.
"ఏమైందిరా?" లోపల్నుంచి నిస్సీమ్ కేక.
ఏం కాలేదు.
ఇంకా తొమ్మిది మెట్లున్నాయి.