అనామతు ఖాతా

కాశీబుగ్గలో మా జీడి బట్టీ వెనక గది.
గోడకి పొగ, బల్లకి జీడి మరక.
మార్చి ముప్ఫయ్యొకటి రాత్రి
ఆవర్జా కూడుతున్నాను,
ఫ్యానుకి ఎగరకుండా పేజీ మీద అరకిలో రాయి పెట్టి.

బస్తా ఎనభై కిలోలు.
కాల్చి, కొట్టి, ఆరబెట్టి, పొర తీస్తే
ఇరవై రెండు కిలోల పప్పు, కలిసొస్తే ఇరవై మూడు.
అందులో గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు, నూక వేరు.
మిగిలిందంతా ఏమైందని
కొత్త బ్యాంకు మేనేజరు అడిగాడు.
తొక్కయింది సార్, తేమయింది,
కొంత పొగయింది.
పొగకి ఎవరూ బిల్లు ఇవ్వరు.

దమయంతత్త నేర్పిన మొదటి పాఠం:
కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి.
లాభం, రెండు, మూడు...
రెండో పాఠం ఆవిడ చెప్పలేదు, నాకే తెలిసింది:
నోటితో లాభమని మొదలైన లెక్క
కాగితం మీద కరెంటు బిల్లు దగ్గర ఆగుతుంది.

గల్లాపెట్టెకి రెండు అరలు.
ఇటు బట్టీ డబ్బు, అటు ఇంటి డబ్బు,
నడుమ చెక్క అత్త దగ్గరుండి కొట్టించింది.
ఓసారి పాలవాడికి ఇటు అరలోంచి పది ఇచ్చాను.
చీటీ రాయించింది: ఇల్లు, బట్టీకి బాకీ, పది.
ఆ రాత్రి పెరుగన్నం తింటుంటే
బాకీ మీద తింటున్నట్టే ఉంది.

అలాంటి మనిషి పుస్తకంలో
ఏటేటా ఒకటే వరస:
అనామతు ఖాతా, అయిదువేల నాలుగు వందలు.
ఎవరికిచ్చామో తెలీని డబ్బు.
ఎవరూ ఎక్కని, ఎవరూ దిగని హాల్టులో పాసింజరులా
ప్రతి మార్చిలో కాసేపు ఆగి
ఏప్రిల్లోకి కదిలిపోతుంది.

ఆడిటరు గారి గుమస్తా కామేశం ఫోన్లో అన్నాడు:
తొమ్మిదితో భాగించి చూడమ్మా.
శేషం లేకపోతే అంకె తిరగబడిందన్నమాట,
లేదా సున్నా జారిపడిందన్నమాట.
భాగించాను.
ఆరువందలు. శేషం లేదు.

అటక మీంచి పాత పుస్తకాలు దించాను.
తిత్లీ ఏడాదిది నీళ్ళు తాగి లావెక్కింది,
తిప్పితే పేజీలు అప్పడాల్లా చప్పుడు చేస్తున్నాయి.
అక్టోబరు. తోటలన్నీ పడుకున్న నెల.
చిట్టాలో అత్త దస్తూరీ:
దాలమ్మకు, ఇంటి రేకులకి, 6000.
ఆవర్జాలో దాలమ్మ పేజీ:
ముందస్తు 600.
వారానికి యాభై, పన్నెండు వారాలు.
కింద అడ్డగీత. చెల్లు.
గీత మీద వేలిముద్ర.
పాతికేళ్ళు జీడిరసం తిన్న వేలు అది,
ముద్రలో ఒక్క రేఖ లేదు.
నల్లగా, గుండ్రంగా, అంతే.

వీధి గదిలో అత్త నూక జల్లిస్తోంది.
"సున్నా ఒకటి ఎగ్గొట్టీసేవేటత్తా?"
జల్లెడ ఆగలేదు.
"సున్నాకి ఇలువేటే? నువ్వే కదా సదివినావు."

"పోనీ, రాని బాకీ అని రాసి
ఈ యేటితో మూసేద్దాం."
అప్పుడు ఆగింది జల్లెడ.
"రాని బాకీ అంటే ఎవురిదని రాయాల.
పేరు రాస్తే బాకీ అయిపోతాది.
సిట్టా అబద్ధమాడకూడదు, ఆడలేదు కదా?
ఆవర్జా నోరిప్పకపోతే సరి.
దాన్ని అలగే ఉంచీ."

కామేశం మళ్ళీ ఫోన్ చేశాడు, దొరికిందా అని.
వెతుకుతున్నానన్నాను.
నా జీవితంలో లెక్కల గురించి
తెలిసి ఆడిన మొదటి అబద్ధం అది.

కొత్త పుస్తకానికి పసుపు రాశాను.
పైన శ్రీ.
నగదు నిల్వ, సరుకు నిల్వ, రావలసినవి, ఇవ్వవలసినవి,
అన్నిటి కిందా, నా దస్తూరీతో మొదటిసారి,
అనామతు 5,400.

పొద్దున్న ఆరు కాకముందే దాలమ్మ వచ్చింది.
చేతులకి బూడిద రాసుకుని
నిన్న కొట్టిన పప్పు డబ్బాతో కొలుస్తోంది.
నేను పెన్ను తీసి తేదీ వేసేలోపే
మొదటి డబ్బా బుట్టలో బోర్లించి
"లాభం" అంది.