బాకి నలభై

మంచం బయటికి పోతలేదు.

నిలవెడితే దర్వాజ అడ్డం,
పండవెడితే గోడ అడ్డం,
ఏటవాలుగ తిప్పితే సున్నం గీరుకపోయి
యాకూబ్ భుజం మీద తెల్లగ రాలింది.
"గిది లోపట్నే పుట్టిందమ్మా," అన్నడు పాత సామాన్లాయన,
"కోసుడొక్కటే దారి. కోస్తే మాత్రం కట్టెల ధరే."

గిర్మాజీపేటల రెండర్రల ఇల్లు మాది.
పొద్దుటి సంది ఒక్కొక్కటి సాగనంపుతున్న.
చెయ్యిరిగిన వైర్ల కుర్చీ పోయింది.
తాళంచెవి ఎన్నడో పోయిన ఇనుప బీరువా
కిలో ఇరువై ఎనిమిది చొప్పున తూగింది.
ఎవరి పెండ్లికి వచ్చిందో ఎవరికీ యాదికి లేని టీపాయి,
అద్దం లేని అద్దం బల్ల.
దేనికీ నా కన్ను తడవలే, నిజం చెప్తున్న.
సామాన్ల నడుమ పక్కకు తిరిగి తిరిగి నడిచి
నా నడుము కూడ ఒక పక్కకే వంగింది.
పీకో మిషిను పెట్టేటంత జాగ కావాలె నాకు,
కిటికీ దిక్కు, వెలుగు పడేకాడ,
సరిగ్గ మంచం ఉన్నంత.

అత్త దాని అంచు మీద కూసొని లేస్తలేదు.
"నాలా పొంగిన రాత్రి మరిశినవా?"
మరువలే.
మోకాళ్ల లోతు నీళ్లల్ల
ఐదుగురం, గ్యాసు బండ, బియ్యం డబ్బ,
పక్కింటోళ్ల కోడిపెట్ట,
అందరం దీని మీదనే తెల్లారగట్టినం.
మంచంకోడుకు ఇంకా ఉన్నది బురద చార,
ఎంత తుడిచినా.
"పడవను ఇంట్ల పెట్టుకొని
ఎన్నేండ్లు సూద్దాం అత్తా, వాన కోసం?"
నోరు జారిన.
చాలా సేపటికి అన్నది:
"కోయించకు. చేసినోన్ని పిలువు."

కనకాచారి ఆటోల వచ్చిండు, మనుమని భుజం పట్టుకొని.
కండ్లు సగమే పని చేస్తున్నయట.
మంచాన్ని చూడలే, తడిమిండు.
పట్టె మలుపుకాడ బొటనవేలు ఆనిచ్చి
"ఈడ ఉన్నవారా" అన్నడు,
తప్పిపోయిన మ్యాకపిల్ల దొరికినట్టు.
"మేకు కొట్టలే బిడ్డా. తుమ్మ చీల.
అప్పటికి మీకు ఈ గోడే లేకుండె."
కొడతితోని నాలుగు దెబ్బలు.
ఐదోది కొట్టనేలే.
ముప్పై తొమ్మిదేండ్లు మోసినది
కుట్టు ఇప్పిన అంగీ లెక్క
చప్పుడు గాకుంట విడిపోయింది.

పలకలు తిరగేస్తే
నడిమి దాని అడుగున
వడ్ల పెన్సిల్ రాత, లావుగ:
'ఓదెలు, బాకి 40.'

కొద్దిసేపు ఎవ్వరం మాట్లాడలే.
మామ ఆఖరి దగ్గు దగ్గింది దీని మీదనే.
ఇద్దరు పిల్లలను కన్నంక నేను
దినం రాత్రి తేడా లేకుంట నిద్రవోయింది దీని మీదనే.
అందరం ఆ నలభై మీద పండుకున్నం,
తెల్వక, హాయిగ.

"నీకు మతికున్నదా?" కొంగు సదురుకుంట అడిగింది అత్త.
"మతికుంటే రాసుడెందుకు?"
"మరి ఎన్నడూ అడుగకపోతివి."
"వచ్చిన, రెండు మూడుసార్లు.
ఎప్పుడొచ్చినా ఎవలో ఒకలు
దాని మీద పండుకొనే ఉందురు."

ఐదువందలు ఇస్తే కూలి కింద జేబుల పెట్టుకుండు.
నలభై వేరే అన్నడు.
అత్త సంచి మూతి ఇప్పి రెండు ఇరువై నోట్లు
లెక్కవెట్టి ఇచ్చింది, రెండే అయినా.
వడ్డీ మాట ఎవరూ ఎత్తలే.
ఆయన చెవి మీది పెన్సిల్ తీసి
పాత రాత కింద, వంకరగ,
'ముట్టింది' అని రాసిండు.

కోళ్లు, పట్టెలు యాకూబ్ బండెక్కినయి.
ఆ పలక ఒక్కటి నేను ఆపుకున్న.
జాకెట్లు కత్తిరిచ్చే బల్లకు సరిపోయింది.
రాత పైదిక్కుకే ఉంచిన,
సుద్దగీతలు దాని మీదికెళ్లి పోతున్నయి.

రాత్రి అత్త కింద చాప ఏసుకొని
"ఇల్లు గింత పెద్దగుండెనా" అన్నది.
సంతోషమో కాదో తెల్వదు.
కాళ్లు చాపి చూస్తున్నది,
గోడ ఎంత దూరమున్నదో.