తళుకు ఉండగానే

గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతుందని
బళ్లకి రెండ్రోజులు సెలవిచ్చారు.
గాలి ఇంకా రాలేదు, వానే వచ్చింది.
బరంపురం, కామపల్లి సందు, మా రెండు గదుల ఇల్లు.
కరెంటు లేదు, టీవీ లేదు.
మా హిమజ ఉంది, పక్కింటి లిపున్ ఉన్నాడు,
ఇద్దరికీ కలిపి పన్నెండు రంగుబిళ్లలు,
అందులో నలుపు ఎప్పుడో అరిగిపోయింది.

పాత శుభలేఖల వెనకవైపు,
దళసరి కాగితం, నీళ్లు పోసినా చిరగదని,
నీలం తడిపి పరిచాం.
వంటింట్లోంచి ప్యాకెట్టు ఉప్పు తెచ్చి చల్లాను,
చుక్కలు పూస్తాయని ఎవరో చెబితే.
పూయలేదు.
సముద్రం మీద మైదాపిండి ఒలికినట్టయింది.
"లుణొ ఖరాప్" అన్నాడు లిపున్.
ఉప్పు చెడిపోయిందట అని
మా పిల్ల నాకు తర్జుమా చేసింది,
నాకేదో ఒడియా రానట్టు.

గోడవార మంచం మీద మా మామగారు.
హుమ్మా కొఠార్లలో ముప్పైరెండేళ్లు
ఉప్పు లాగిన మనిషి.
మడమల పగుళ్లు
వాన పడితే ఇప్పటికీ నోళ్లు తెరుస్తాయి.
ఇంట్లో ఒక్క పలుకు కింద పడ్డా
వంగి ఏరి నోట్లో వేసుకుంటాడు.
ఆయన ఇటు తిరిగేసరికి
ప్యాకెట్టు వీపు వెనక్కి దాచాను.

"అదేటి ఉప్పు? పౌడరు. గల్లుప్పు తే."

ఆవకాయకని దాచిన జాడీ దించాను.
వచ్చి కింద కూర్చున్నాడు, మోకాళ్లు టపటపమన్నాయి.
కాగితం కంటిమట్టానికి ఎత్తి
ఏటవాలుగా వెలుగులో చూశాడు,
మడిలో నీరు చూసినట్టు.
"ఇంకా నీరుంది. ఇప్పుడేస్తే కరిగి సస్తది."
ఆగాం.
చూరు, వాన, పక్కింటి కుక్కరు ఈల.
"ఇప్పుడూ కాదు."
లిపున్ ముక్కుకి నీలం అంటుకుంది.
"తళుకు పోతాది సూడు… పోయీముందు… ఇదిగో!"
మూరెడెత్తు నుంచి మూడు వేళ్లు కదిపాడు,
పప్పులో వేసినట్టు కాదు,
విత్తనం జల్లినట్టూ కాదు.

మొదట ఏమీ లేదు.
తర్వాత ఒక్కో పలుకు
తన చుట్టూ ఉన్న నీలాన్ని తాగడం మొదలెట్టింది.
తాగిన చోట తెల్లటి ముళ్లపువ్వు.
దాని పక్కన ఇంకోటి.
అంచులు తగిలాక రెండూ
గట్టు పేచీ లేకుండా ఆగిపోయాయి.
"తారా!" అన్నాడు లిపున్.
"చుక్క!" అంది హిమజ.
"పువ్వు కట్టింది" అన్నాడు ఆయన.

మడి మీద తొలి పొర తేలినప్పుడు
కొఠార్లలో అనే మాటట అది.
పెళ్లైన పదకొండేళ్లలో
ఆ మాట ఆయన నోట నేను వినలేదు.
గంపకి కూలెంత, మేస్త్రీ ఎంత కోసేవాడు,
చెబితే ఇవే చెప్పేవాడు.
"మీ నాన్నమ్మని రమ్మనీవోణ్ని,
పువ్వు కట్టిన పూట ఓపాలి సూడమని.
కళ్లు మండుతాయని వచ్చీది కాదు."
పిల్లలు వినలేదు.
ఎరుపు తడుపుతున్నారు.

రాత్రి గాలి వచ్చి వెళ్లింది.
పొద్దున్నకి ఆరాల్సినవి ఆరలేదు.
ఊళ్లో తేమంతా ఉప్పు లాక్కుంది.
పువ్వులు ఉబ్బి, కారి,
నీలం అట్ట లోపలికి ఇంకి
అవతలివైపు పెళ్లికూతురి పేరు మీద తేలింది.
హిమజ ఏడ్చింది.
"వానాకాలంలో ఉప్పు ఎవుడు పండిత్తాడే?
మాఘంలో ఏద్దారి."

ఊడ్చిన ఉప్పు పారబొయ్యనివ్వలేదు.
హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించాడు.
నీలం, మధ్యలో ఎరుపు,
రెండూ కలిసిన చోట వంకాయ రంగు.
దీంతో కూర వండితే
కూర నీలమవుతుందా అనడిగాడు లిపున్.
మా ముగ్గురిలో ఎవరికీ తెలీదు.

సీసా కిటికీలో ఉంది.
రోజూ కాఫీకి ముందు ఆయన దాన్ని ఎత్తి
ఏటవాలుగా వెలుగులో పెడతాడు.
"ఇంకా నీరుంది" అంటాడు,
తొందరేమీ లేనట్టు.