చవక కరెంటు వేళ

ఇల్లు కట్టి చూడు అన్నారు.
కట్టుకుని కాపురముంటున్న ఇంటిని
పొయ్యి ఆర్పకుండా, మంచం కదపకుండా
పునాది నుంచి మళ్ళీ కట్టి చూడమని
ఎవరూ అనలేదు.

కెమి రేవు. జనవరి. బయట మైనస్ ఇరవై ఆరు.
వియెనో ముందు తెర మీద జాబితా:
నూట పద్నాలుగు ప్యాకేజీలు.
నిన్న కొత్త కంపైలర్ వచ్చింది.
దాంతోపాటు అట్టడుగున ఒక లైబ్రరీ
తోక అంకె ఏడు నుంచి ఎనిమిదికి జరిగింది.
అంతే. ఒక్క అంకె.
దాని మీద ఆనుకున్నవన్నీ
ఇంకా ఏడునే పిలుస్తున్నాయి.
పిలిస్తే పలుకుతోంది కూడా.
ఆఖరుది చెయ్యి వదిలేదాకా
పాతదాన్ని పారెయ్యదు ఈ యంత్రం.
ఆ మర్యాద దానికుంది.

ఔలులో అహ్తి అయితే ఈపాటికి మొదలెట్టేసేవాడు.
వారం వారం అన్నీ, అవసరమున్నా లేకున్నా.
ఆగస్టులో కూడా వాడి గది కుమ్మరి ఆవమే.
రిటైరైన హిల్కాది ఇంకో మతం:
నడుస్తున్నదాన్ని ముట్టుకోకు.
మూడేళ్ళు ముట్టుకోలేదు.
నాలుగో ఏట ఒకదాన్ని లాగితే ఇంకోటి,
దాన్ని లాగితే తొమ్మిది,
చిక్కుపడ్డ వల మొత్తం ఒడిలోకొచ్చింది.
ఆ వల విప్పింది వియెనో.
పదకొండు రోజులు.

అందుకని తనకో పంచాంగం ఉంది.
ఇక్కడ కరెంటుకి గంటకో ధర,
గాలి బాగా వీచే రాత్రి రెండు నుంచి ఐదున్నర దాకా
దాదాపు ఉచితం.
చలి ఉండాలి: కంపైలయ్యే వేడికి
గది వెచ్చబడుతుంది, హీటర్ కట్టెయ్యొచ్చు.
మంచు చీల్చే ఓడ రేవులోనే ఉండాలి,
ఎందుకంటే ఈ యంత్రం చేసే పనల్లా
సముద్రం మీద మంచు ఎంత మందమో
పది నిమిషాలకోసారి ఆ ఓడకి చెప్పడం.
ఇవాళ మూడూ కుదిరాయి.

రెండింటికి వేలు ఎంటర్ మీద పెట్టగానే
కింద నుంచి క్యోస్తి ఫోను.
"సానా వేస్తున్నా. చవక వేళ కదా."
ఇద్దరికీ ఒకటే ఫ్యూజు.
కిందటేడు ఇలాగే పోయింది,
సగం కట్టిన ఇంట్లో చీకటి.
"నాది పని."
"నాది నడుము. పన్నెండు గంటలు
గేటు దగ్గర నిలబడ్డాను."
గంటన్నర. మూడున్నర దాకా. సరే.

ఊరికే కూర్చోలేక జాబితా చదివింది,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో పేరూ.
పాత సుత్తితో కొట్టిన మేకు
కొత్త సుత్తి కొన్నామని ఊడిపోదు.
అలాంటివి పక్కన పెట్టేసింది.
ప్రింటరు డ్రైవరు. ఆ ప్రింటరే లేదు.
ఆటుపోట్ల గ్రాఫు గీసే ప్రోగ్రాం.
ఆటుపోట్లే ఎరగని ఈ సముద్రానికి
ఎవరు తెచ్చారో దీన్ని!
నవ్వుకుంటూ తీసేసింది.
నూట పద్నాలుగు, ముప్పై ఒకటైంది.
ఏడుని నిజంగా పట్టుకున్నవి అవే.

మూడున్నరకి మొదలు.
తెర మీద వరసలు జారిపోతున్నాయి.
చదవక్కర్లేదు. చదువుతూనే ఉంది.
క్యోస్తి ఎర్రగా ఉడికి, తల మీద తువ్వాలుతో
మెట్లెక్కి వచ్చాడు.
"ఎంతవరకు?"
"పంతొమ్మిది."
కాసేపు చూశాడు. ఏం అర్థమైందో,
"వాసన బాగుంది" అన్నాడు.
వేడెక్కిన దుమ్ము వాసన అది.

ఐదుంబావుకి ముప్పై ఒకటోది ఆగింది.
ఎర్రక్షరాలు.
అదే, మంచు మందం లెక్కగట్టేది.
ఎనిమిది దానికి పడలేదు.
విప్పి చూడొచ్చు,
ఎక్కడ పట్టేసిందో దొరకొచ్చు కూడా.
ఓడ ఆరింటికి.

కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.
పాత బైనరీ ఉన్నచోటే ఉంది.
ఏడుని పిలిచింది.
ఏడు పలికింది.
అరవై మూడు సెంటీమీటర్లు.

కాగితమ్ముక్క మీద రాసి తెర అంచుకి అంటించింది:
ఒకటి మిగిలింది. ఓడ తిరిగొచ్చాక.
గది చల్లబడుతోంది.
క్యోస్తి లేచి హీటర్ వేశాడు.