నాలుగో కిటికీ

ఒక ప్రోగ్రాముకి ఒకటే కన్సోల్.
విండోస్ పెట్టిన రూలది, బతిమాలినా మారదు.
గ్రిమ్స్‌బీ రేవులో చేపల కోల్డ్ స్టోరేజీ,
ఆరు గదులు, ఆరు మోటార్లు,
అన్నీ ఆ ఒక్క నల్లటి తెరలోకే కక్కేవి:
మైనస్ ఇరవై, తలుపు తీశారు, మైనస్ పంతొమ్మి
ఎవరిదో హెచ్చరిక సగం, ఇంకెవరిదో తోక.

"చేపల బజారులా ఉంది" అన్నాను.
మోరీన్ స్టబ్స్ నొచ్చుకుంది.
ముప్పయ్యేళ్లుగా ఆమెదే రాత్రి షిఫ్టు.
"మా బజారులో ఎవరూ అరవరు,
కొనేవాడు కనుబొమ్మ ఎత్తుతాడు, అంతే.
గదికో కిటికీ ఇవ్వు నాకు."

మూడు వారాలు పట్టింది ఆ లైబ్రరీ.
రూలు పక్కనుంచే నడిచాను:
కిటికీకో బుల్లి ప్రోగ్రాముని కన్నాను,
తల్లి నుంచి ఒక్కోదానికీ ఒక గొట్టం.
ఎవరైనా పొరపాటున మూలనున్న ఇంటూ నొక్కితే
పోయేది ఆ ఒక్క పిల్లే,
ఇల్లు నడుస్తూనే ఉంటుంది.
మొదటి వారం మాత్రం తల్లే పోయింది.
పదకొండు అనాథ కిటికీలు తెరమీద,
కర్సర్లు మిటకరిస్తూ, ఎవరో పిలుస్తారని.
ఒక్కొక్కటే చేత్తో మూశాను.
ఆ రాత్రి అన్నం సయించలేదు. నవ్వకండి.

అక్షరాల రంగులు మోరీనే ఎంచుకుంది.
రెండో గదిది పండిన గోరింట రంగు అన్నాను నేను.
తుప్పు రంగు అంది.
నంబరు మాత్రం ఒకటే.

ఫిబ్రవరిలో, ఇంకా తెల్లవారలేదు, ఫోన్.
"నాలుగోది ఏమీ అనట్లేదు."
ఎర్రర్ చూపిస్తోందా?
"లేదమ్మా. ఏమీ అనట్లేదు.
అదే చెప్తున్నా."

పాత తెరలో అయిదుగురి గోల కింద
ఆరోవాడు నోరు మూసుకున్నా తెలిసేది కాదు.
ఇప్పుడు ఆ మౌనానికి నాలుగు అంచులున్నాయి,
పైన పేరుంది.
వెళ్లి చూస్తే మోటారు ఆగిపోయి ఉంది,
హడాక్ పెట్టెలకి అప్పుడప్పుడే చెమట.

పోయిన నెల ఇంకో కిటికీ అడిగింది,
ఏ గదికీ కలపనిది.
రెండింటికీ మూడింటికీ మధ్య
టీ చల్లారేదాకా అందులో ఏదో టైపు చేస్తుందట.
ఏం రాస్తుందో నాకు తెలీదు.
ఆ గొట్టానికి ఇటు చివర
నేనేమీ బిగించలేదు.